ఇనుము గుణమెరిగిన ఆటోనగర్

రాడ్డు ఏది, మిషను ఏది, పనిముట్టు ఏది... బెజవాడ షెడ్లు చెప్పే పాఠాలు

బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర బందరు రోడ్డు పట్టుకుని పటమట మీదుగా వెళ్తే ఆటోనగర్ గేటు వస్తుంది. అక్కడ లోపలికి తిరిగితే చాలు, చుట్టూ ఇనుమే. క్యాబిన్ తప్ప ఇంకేమీ లేని కొత్త చాసిస్‌లు ఒక షెడ్డు ముందు బాడీ కోసం ఎదురుచూస్తుంటాయి. పక్క షెడ్డులో కాలం చెల్లిన లారీని ముక్కలుగా విప్పుతుంటారు. ఒకచోట కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), ఒకచోట రేడియేటర్లు, మరోచోట లేత్ మిషన్లు. పని ఏదైనా, వెల్డింగ్ వెలుగు లేని వీధి కనపడదు.

నగరంలో అక్కడక్కడా ఉన్న మెకానిక్ షెడ్లకు ఒక చోటు కల్పిస్తూ 1960ల్లో ఏర్పడింది ఈ జవహర్ ఆటోనగర్. చెన్నై–కోల్‌కతా, హైదరాబాద్–మచిలీపట్నం రహదారులు రెండూ బెజవాడ మీదుగానే పోతాయి. కాబట్టి దారిలో ఆగిన లారీకి ఇది ఆసుపత్రి, కొత్త లారీకి పుట్టిల్లు. తర్వాత గుంటూరు, విశాఖ, హైదరాబాద్ వంటి చోట్ల కూడా ఆటోనగర్‌లు వెలిశాయి. అయినా లారీ యజమానుల నోట 'ఆటోనగర్' అన్న మాట వస్తే ముందు గుర్తొచ్చేది బెజవాడే.

ఇక్కడి పనితనం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా చేతి నేర్పును మెచ్చుకుంటారు. ఆ నేర్పు నిజమే. దాని వెనకున్న తెలివి ఇంకా పెద్దది. ఏ లోహానికి ఏ రాడ్డు, ఏ రాడ్డుకు ఎంత కరెంటు, ఎక్కడ అతకాలి, ఎక్కడ అతకకూడదు అన్నది మంట వెలిగించకముందే తేల్చుకునే తెలివి అది. ఇంట్లో చిన్న మిషను కొనుక్కున్నవారికి, పల్లెలో షెడ్డు పెట్టుకోవాలనుకునేవారికి, పొలం పనిముట్లు బాగుచేయించుకునే రైతుకు ఇక్కడి నుంచి నేర్చుకోవాల్సింది అదే.

ముందు ప్రశ్న: ఇది ఏ ఇనుము?

పనెరిగిన మేస్త్రి ముక్క చేతికి రాగానే హోల్డర్ పట్టుకోడు. ముందు గ్రైండర్ ఆనించి రవ్వలు చూస్తాడు. మెత్తని ఇనుము, అంటే మైల్డ్ స్టీలు, పొడుగాటి సూటి రవ్వలు చిమ్ముతుంది. కార్బన్ పెరిగేకొద్దీ రవ్వ చివర చీలి పూవులా విచ్చుకుంటుంది. కమాన్ పట్టీలు, పాత ఆకురాళ్లు ఇలాగే పలుకుతాయి. బీడు, అంటే పోత ఇనుము, రవ్వలు పొట్టిగా, ఎర్రగా, మసకగా ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు నారింజరంగు పొట్టి రవ్వలు వస్తాయి, చీలికలు తక్కువ. అల్యూమినియానికి రవ్వే రాదు. దీనికి తోడు ఓ అయస్కాంతం జేబులో ఉంటే సగం పరీక్ష పూర్తయినట్టే. వంటపాత్రల్లో వాడే 304 రకం స్టీలును అయస్కాంతం పెద్దగా పట్టదు, మైల్డ్ స్టీలును గట్టిగా పడుతుంది.

ఈ పరీక్ష ఎందుకంటే అన్ని ఇనుములూ వేడికి ఒకేలా లొంగవు. మైల్డ్ స్టీలులో కార్బన్ పావు శాతం కూడా ఉండదు. అందుకే సులువుగా అతుకుతుంది. కమాన్ పట్టీలో అది అర శాతం దాటుతుంది. అతికిన చోటు త్వరగా చల్లారితే గాజులా పెళుసెక్కి మొదటి గుంతలోనే ఫట్‌మంటుంది. పైగా ఆ పట్టీకి స్ప్రింగు గుణం ఇచ్చిందే ఫ్యాక్టరీలో చేసిన వేడిపదును. వెల్డింగ్ వేడి దాన్ని పాడుచేస్తుంది. అందుకే విరిగిన కమాన్ పట్టీని అతకరు, మారుస్తారు. ఎవరైనా అతికి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. రొటావేటర్ బ్లేళ్ల సంగతీ అంతే.

రాడ్డు మీది అంకెల్లో ఏముంది?

పూత రాడ్డు పుట్టిందే మరమ్మతు పనుల్లోంచి. ఓడల బాయిలర్లకు వచ్చే పగుళ్లు పూడ్చే మార్గం వెతుకుతూ స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్ ఇనుప తీగకు పూత వేసే పద్ధతి కనిపెట్టాడు. 1904లో ఆయన గోథెన్‌బర్గ్‌లో స్థాపించిన కంపెనీయే ఈసాబ్. ఆ పూత కాలి, వాయువుగా మారి కరిగిన లోహాన్ని గాలి నుంచి కాపాడుతుంది. స్లాగ్ అనే చిట్టెంగా పైన పేరుకుని మెల్లగా చల్లారనిస్తుంది. కాబట్టి రాడ్డు కొనడమంటే లోపలి తీగతోపాటు పైపూతనూ ఎంచుకోవడమే.

దుకాణంలో ఎక్కువగా అమ్ముడుపోయేది 6013. మొదటి రెండు అంకెలు అతుకు తట్టుకునే లాగుడు బలాన్ని చెబుతాయి: చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు. చివరి అంకె పూత రకాన్ని చెబుతుంది. 6013 రాడ్డు తేలిగ్గా వెలుగుతుంది, పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషను మీదా ఇన్వర్టర్ మీదా నడుస్తుంది, స్లాగ్ సులువుగా ఊడుతుంది. గేట్లు, గ్రిల్స్, రేకు షెడ్లు, యాంగ్లర్ ఫ్రేములకు ఇదే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లూ దీంతోనే మొదలుపెట్టాలి.

బరువు మోసే చోట మాత్రం 7018 అడగాలి. ట్రైలర్ కప్లింగ్, క్రేన్ హుక్కు పట్టే బ్రాకెట్, టిప్పర్ హింజి, దళసరి ప్లేట్లు అన్నీ దాని పనులే. బలం 70 వేలకు పెరుగుతుంది, అతుకులో హైడ్రోజన్ చేరడం తగ్గుతుంది. దళసరి ఇనుములో హైడ్రోజన్ చిక్కుకుంటే అతికిన కొన్ని గంటలకో, మర్నాటికో లోపల పగులు పుడుతుంది. పైకి నున్నగా కనిపిస్తూనే ఉంటుంది. 7018ను డీసీ మిషను మీద, హోల్డర్‌ను పాజిటివ్‌కు కలిపి, రాడ్డును ముక్కకు బాగా దగ్గరగా పట్టి నడపాలి.

కరెంటు విషయంలో షెడ్లలో చెల్లే లెక్క ఒకటుంది: రాడ్డు మందం మిల్లీమీటరుకు సుమారు 40 ఆంపియర్లు. 2.5 రాడ్డుకు 60 నుంచి 90, 3.15 రాడ్డుకు 90 నుంచి 130, 4 మిల్లీమీటర్లకు 140 నుంచి 180 మధ్య పెట్టి చూడాలి. తక్కువైతే రాడ్డు అంటుకుపోతుంది, లోహం పైన కుప్పపడుతుంది, లోపలికి దిగదు. ఎక్కువైతే అంచులు కోసుకుపోతాయి, రాడ్డే ఎర్రబడుతుంది. చెవికి నూనెలో అప్పడం వేగుతున్నట్టు నిలకడైన చప్పుడు వినిపిస్తే కరెంటు కుదిరిందని అర్థం.

చెమ్మే శత్రువు

కృష్ణా డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో విప్పిన ప్యాకెట్టు బల్ల మీద వదిలేస్తే పూత చెమ్మ పీల్చుకుంటుంది. ఆ చెమ్మలోంచే హైడ్రోజన్ అతుకులోకి చేరుతుంది. 6013 చెమ్మెక్కితే 100 డిగ్రీలకు కాస్త పైన గంటసేపు ఆరబెడితే సరిపోతుంది. అంతకు మించి కాల్చితే దాని పూత గుణమే చెడుతుంది. 7018కి 250 నుంచి 350 డిగ్రీల మధ్య గంట, రెండు గంటల కాపు కావాలి. కంపెనీ చెప్పిన కొలత డబ్బా మీదే ఉంటుంది. కాచిన రాడ్లను వేడి పెట్టెలో ఉంచి, ఒక్కొక్కటిగా తీసి వాడాలి. ఓవెన్ లేని షెడ్డులో బరువైన పని చేయించేవారు కొత్త ప్యాకెట్టు కళ్లెదుటే విప్పించుకోవడం మంచిది. రాడ్డుకయ్యే అదనపు ఖర్చు లారీ ఒకరోజు ఆగితే పోయే కిరాయి ముందు చాలా తక్కువ.

మిషను కొనేముందు

ఒకప్పుడు షెడ్డు మూలన నూనె నింపిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. దాన్ని కదల్చాలంటే నలుగురు కావాలి. ఇప్పుడు భుజాన వేసుకుపోయే ఇన్వర్టర్లు దాని స్థానంలోకి వచ్చాయి. వీటిలో కరెంటు ఆదా ఉంది, డీసీ వస్తుంది, రాడ్డు నిలకడగా కాలుతుంది. దుమ్ము మాత్రం వీటికి పడదు. గ్రైండర్ పొడి లోపలి బోర్డుల మీద పేరుకుంటే మిషను కాలిపోతుంది. గ్రైండింగ్ చేసే చోటికి దూరంగా పెట్టి, అప్పుడప్పుడు గాలితో ఊదించాలి.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసిన '200', '250' చూసి కొనకూడదు. వెనక పలకమీద డ్యూటీ సైకిల్ ఎంతో చదవాలి. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు నడిపి, నాలుగు నిమిషాలు ఆపాలని అర్థం. రోజంతా బాడీ కట్టే షెడ్డుకూ, నెలకోసారి గేటు బాగుచేసుకునే ఇంటికీ ఒకే మిషను సరిపోదు. 3.15 రాడ్డు కాల్చేటప్పుడు మిషను లాగే కరెంటు ఇంట్లోని 16 ఆంపియర్ల ప్లగ్గుకు భారమే. దానికి విడిగా తీగ, ఎంసీబీ వేయించుకోవాలి. సన్నని పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మీద నడిపితే వోల్టేజీ పడిపోతుంది, వైరూ కరుగుతుంది.

వరుసగా రేకుపని ఉన్న బాడీ షెడ్లు రాడ్డు బదులు తీగ చుట్టతో నడిచే మిగ్ మిషన్లకు మళ్లుతున్నాయి. రాడ్డు మార్చే పని లేదు, స్లాగ్ కొట్టే పని లేదు. రాగిపూత ఉన్న ఈఆర్ 70ఎస్-6 తీగ 0.8 మిల్లీమీటర్లది రేకులకు, 1.2ది దళసరి పనికి వాడతారు. సీఓ2 వాయువు చవక, లోతుగా దిగుతుంది, రవ్వలు ఎక్కువ చిమ్ముతుంది. ఆర్గాన్ కలిపిన మిశ్రమం ఖరీదైనా అతుకు శుభ్రంగా వస్తుంది. మిగ్‌కు గాలి పడదు. బయటో, ఫ్యాను ముందో వెల్డింగ్ చేస్తే రక్షక వాయువు చెదిరి అతుకంతా బొరియలు పడుతుంది. ఆరుబయట పనికి ఇప్పటికీ రాడ్డే మేలు.

బీడు, స్టీలు, అల్యూమినియం

ఇంజను బ్లాకు, పంపుసెట్టు కేసింగ్, గేర్‌బాక్సు ఇవన్నీ బీడు. మామూలు రాడ్డుతో బీడు అతికితే చల్లారేటప్పుడు అతుకు పక్కనే చిటుక్కుమని మళ్లీ విడిపోతుంది. దీనికి నికెల్ రాడ్డు కావాలి. ఖరీదెక్కువ. ముందు పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేసి అది పాకకుండా ఆపుతారు. తర్వాత పగులును గాడిగా తీసి, నూనె మరక పోయేదాకా కాల్చి, అంగుళం మించకుండా కొంచెం కొంచెం అతుకుతారు. ప్రతి ముక్కనూ వేడి మీదుండగానే సుత్తితో సన్నగా కొట్టి బిగువు తీస్తారు. చివర్లో బూడిదలోనో, పొడి ఇసుకలోనో కప్పి మెల్లగా చల్లారనిస్తారు. ఓపిక లేనివాళ్ల పని కాదిది. తక్కువ బలం చాలే చోట గ్యాస్ మంటతో, వెలిగారం అద్దుకుంటూ ఇత్తడి కడ్డీతో అతకడమూ పాత, నమ్మకమైన పద్ధతే.

స్టెయిన్‌లెస్ స్టీలులో 304కు 308ఎల్, 316కు 316ఎల్ ఫిల్లర్ వాడాలి. స్టీలును మామూలు ఇనుముకు కలపాలంటే 309ఎల్. మామూలు రాడ్డుతో స్టీలు రెయిలింగ్ అతికితే ఆర్నెల్లు తిరక్కుండా అతుకు చుట్టూ తుప్పు మరక కనిపిస్తుంది. మైల్డ్ స్టీలుకు వాడిన వైర్ బ్రష్షునే స్టీలు మీద రుద్దినా అదే జరుగుతుంది. దానికి విడి బ్రష్షు ఉంచుకోవాలి.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. పైనున్న ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటినా కరగదు. అందుకే టంగ్‌స్టన్ కొసతో మంట పుట్టించే ఏసీ టిగ్ మిషను, స్వచ్ఛమైన ఆర్గాన్, 4043 లేదా 5356 కడ్డీ కావాలి. ముందు స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షుతో పొర గీకేయాలి. టిగ్‌లో వాడే టంగ్‌స్టన్ కడ్డీలలో ఎర్ర చివర ఉన్నవాటిలో థోరియం ఉంటుంది, అది స్వల్పంగా రేడియోధార్మికం. సానపట్టేటప్పుడు ఆ పొడి పీల్చడం మంచిది కాదు. బంగారు రంగు, నీలం రంగు చివరలున్న లాంథనం రకాలు అదే పని చేస్తాయి.

లారీ కింద దూరేముందు

కొత్త లారీలు పాతవాటిలాంటివి కావు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక బండి నిండా సెన్సర్లు, కంట్రోల్ యూనిట్లే. బ్యాటరీ తీగలు విప్పకుండా, కంపెనీ చెప్పిన కనెక్టర్లు పీకకుండా వెల్డింగ్ పెడితే ఖరీదైన కంట్రోల్ యూనిట్ (ఈసీయూ) ఒక్క క్షణంలో పోవచ్చు. ఎర్త్ క్లాంపును అతికే చోటికి దగ్గర్లో, తుప్పు, రంగు గీకిన చోట బిగించాలి. దూరంగా ఎక్కడో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది, బేరింగు గుళ్ల మీద మచ్చలు పడతాయి.

చాసిస్ పొడవు కమ్మీల పైఅంచు, కిందిఅంచు మీద కంపెనీ అనుమతి లేకుండా అతకకూడదు, రంధ్రాలు వేయకూడదు. లోడుకు వంగేటప్పుడు బిగువంతా ఆ అంచుల మీదే పడుతుంది. బాడీని యూ బోల్టులు, బ్రాకెట్లతోనే చాసిస్‌కు కలపాలి. బస్సు బాడీలకు ఏఐఎస్-052, లారీ బాడీలకు ఏఐఎస్-093 ప్రమాణాలు ఉన్నాయి. బాడీ కట్టించేవారు షెడ్డుకు ఆ అర్హత ఉందో లేదో ముందే అడగాలి.

ఇంకొకటి ప్రాణాలకు సంబంధించినది. డీజిల్ ట్యాంకు, ఆయిల్ డ్రమ్ము ఖాళీ అయినా లోపల ఆవిరి మిగిలే ఉంటుంది. ఒక్క రవ్వ చాలు. ఆవిరితో, నీళ్లతో పూర్తిగా కడిగి, పరీక్షించి, జడవాయువు నింపే ఏర్పాటు ఉన్నవారు తప్ప వాటి మీద మంట పెట్టకూడదు.

చేతి పనిముట్లు

షెడ్డులో ఎక్కువ గాయాలు చేసేది గ్రైండర్. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11 వేలకు పైగా తిరుగుతుంది. వీల్ మీద రాసిన వేగం మిషను వేగం కన్నా ఎక్కువ ఉండాలి. గార్డు తీసేసి ఐదంగుళాల వీల్ తగిలించడం చాలాచోట్ల కనిపించే పాడు అలవాటు. వీల్ పగిలితే ముక్క తూటాలా మొహం మీదికే వస్తుంది. కటింగ్ వీల్‌ను పక్కవాటుగా ఆనించి సానపట్టకూడదు. వీల్ మధ్య రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూసి కొనాలి.

మిగతావాటిలో మొదట కొనాల్సినవి చిప్పింగ్ సుత్తి, వైర్ బ్రష్షు, మూలమట్టం, టేపు, మంచి పట్టు ఉన్న నాలుగు క్లాంపులు. అతుకు చల్లారేటప్పుడు ముక్కను తనవైపు గుంజుతుంది. క్లాంపులు బిగించి, అటూ ఇటూ ట్యాకులు (చిన్న తాత్కాలిక అతుకులు) వేసి, మూలమట్టం పెట్టి చూశాకే పూర్తి అతుకు వేయాలి. గేటు వంకర పోయిందంటే తప్పు సాధారణంగా ఇక్కడే జరిగి ఉంటుంది.

గ్యాస్ కటింగ్‌లో ఆక్సిజన్ సిలిండర్ నల్లది, ఎసిటిలీన్‌ది మెరూన్ రంగు. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కు నూనె, గ్రీజు తగలకూడదు, తగిలితే దానంతటదే అంటుకోవచ్చు. ఎసిటిలీన్ సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే వాడాలి. ప్రెజరు 1 బార్ దాటనివ్వకూడదు. రెండు గొట్టాలకూ మంట వెనక్కి పాకకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు బిగించాలి. బెజవాడ ఎండలో సిలిండర్లను బయట వదలడం మరీ ప్రమాదం.

కళ్లు, ఊపిరి, చెమట

అద్దం లేకుండా ట్యాకు వేసే కుర్రాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. రాత్రికి కళ్లు ఎర్రబడి మంటపెడతాయి, నిద్ర ఉండదు. కంట్లో పాలచుక్కలు వేసుకోవడం, బంగాళదుంప ముక్కలు పెట్టుకోవడం వంటి సొంత వైద్యం మాని కంటి డాక్టరుకు చూపించుకోవాలి. రాడ్డు పనికి 10 లేదా 11 నంబరు అద్దం, గ్యాస్ కటింగ్‌కు 5 నంబరు అద్దం వాడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనిషికి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. బెల్లం తింటే పొగ విరిగిపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన లోహపు పొగను బెల్లం బయటికి తేలేదు. జీఐ పైపు మీద జింకు పూత గీకేయకుండా అతికితే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. తల పొగకు పక్కగా ఉంచడం, గాలి ఆడే చోట పనిచేయడం, సరైన మాస్కు పెట్టుకోవడం తప్ప వేరే మందు లేదు. వేసవిలో చెమటతో తడిసిన ఒళ్లు కరెంటుకు దారి ఇస్తుంది. పొడి గ్లౌజులు, కాళ్ల కింద రబ్బరు షీటో పొడి చెక్కో తప్పనిసరి.

రేపటి చేతులు

ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చేరొచ్చు. ఆటోనగర్‌లో మాత్రం తరతరాలుగా పని షెడ్డులోనే, మేస్త్రి చూపుల కిందే వస్తోంది. రెండూ కలవాలి. గల్ఫ్‌కు వెళ్లే మన పిల్లల్ని అక్కడ నిలబెట్టేది 6జీ పరీక్ష: 45 డిగ్రీల వంపులో బిగించిన పైపును కదపకుండా చుట్టూ తిరిగి అతకాలి. ఆ చేయి తిరగడానికి షెడ్డు అనుభవం, ఆ అతుకు ఎందుకు నిలుస్తుందో తెలియడానికి చదువు రెండూ కావాలి. తిరుచిరాపల్లిలో బీహెచ్ఈఎల్ నడిపే వెల్డింగ్ పరిశోధన సంస్థలో ఈ విద్యలో ఉన్నత శిక్షణ దొరుకుతుంది. అలాంటి శిక్షణ ఆటోనగర్ గేటు దాకా రావాలి. షెడ్డు యజమానులు, ప్రభుత్వం కలిసి పూనుకుంటే సాధ్యమయ్యే పనే ఇది.

పని చేయించుకునేవారి వంతు కూడా ఉంది. ఆటోనగర్‌కు వెళ్లినా, మీ ఊరి షెడ్డుకు వెళ్లినా ధర అడిగేముందు మూడు మాటలు అడగండి: ఇది ఏ లోహం? ఏ రాడ్డు వాడుతున్నారు? ఆ రాడ్డు పొడిగా ఉందా? నిలబడి జవాబు చెప్పగలిగిన మేస్త్రికి అడిగినంత ఇవ్వండి. రోడ్డు మీద మీ బండి, మీ వెనక వచ్చేవాళ్ల ప్రాణం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.